నీటిధార సన్నబడకముందే ఇంజన్ రబ్బరు ఫ్యాన్ మార్చుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మన తీరంలో ఇంజన్ పడవల వేటపై నిషేధం ఉంటుంది. బారువ, భావనపాడు, కళింగపట్నం మొదలుకొని ఇటు విజయనగరం జిల్లా చింతపల్లి, ముక్కాం దాకా ఆ రోజుల్లో వలలు కుడతారు, తెప్పలకు రంగులేస్తారు. తెప్ప వెనక బిగించే అవుట్‌బోర్డు ఇంజన్‌కు మాత్రం పట్టా కప్పి మూల నిలబెడతారు. నిషేధం ముగిశాక సంద్రంలో వేడెక్కి ఆగిపోయే ఇంజన్లలో చాలావాటి జబ్బు అరచేతిలో పట్టే రబ్బరు ముక్కే. ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లను పైకి నెట్టేది అదే. వాటర్ పంపు ఇంపెల్లర్ అంటారు, రేవులో రబ్బరు ఫ్యాన్ అంటారు. దాన్ని మార్చడానికి విశాఖ వెళ్లక్కర్లేదు, ప్రత్యేక పనిముట్లూ అక్కర్లేదు. తెప్ప యజమానులు ఇంటి ముందే చేసుకోగల పని కాబట్టి ఈ వివరాలు ప్రచురించమని కోరుతున్నాం.

మన రేవుల్లో చాలాచోట్ల జెట్టీలు లేవు. తెప్పను ఇసుక మీంచే నీళ్లలోకి తోస్తాం, ఇసుక మీదికే లాగుతాం. కెరటాలు విరిగేచోట నీళ్లలో సగం ఇసుకే ఉంటుంది. పంపు ఆ ఇసుకనూ పీల్చడంతో రబ్బరు రెక్కల కొసలు, వాటి చుట్టూ ఉండే స్టీలు కప్పు, కింది ప్లేటు అరిగిపోతాయి. కెరటాలు దాటేటప్పుడు ఇంజన్ ఆపమని ఎవరికీ చెప్పలేం, అది ప్రాణాలతో పని. అందుకే ఇసుక రేవుల్లో ఏడాదికోసారి ఫ్యాన్ మార్చాల్సిందే. ఇంకో సంగతి. పంపు లోపల ఫ్యాన్ నడిమధ్యన కాక ఒక పక్కకు ఉంటుంది. దాంతో కొన్ని రెక్కలు ఎప్పుడూ వంగి ఉంటాయి. రెండు నెలలు కదలకుండా ఉంటే ఆ వంపు అలాగే బిగుసుకుపోతుంది. కాబట్టి నిషేధం మొదట్లో కాదు, జూన్ మొదటి వారంలో మార్చడం మంచిది.

ఇంజన్ పక్కనుంచి కొట్టే నీటిధార సన్నబడితే ముందు ఆ రంధ్రంలోకి సన్నని తీగ పెట్టి పొడవండి. ఉప్పు గడ్డకట్టి మూసుకున్నా అలాగే ఉంటుంది. రంధ్రం బాగానే ఉండి, నెమ్మదిగా నడిచేటప్పుడు ధార చచ్చిపోయి స్పీడు పెంచితే వస్తుంటే రెక్కలు అరిగినట్టే. స్పీడు మీద నీళ్లు విసురుకే పైకి ఎక్కుతాయి, తక్కువ స్పీడులో రెక్కలు నెడితేనే ఎక్కాలి.

మామూలు 9.9 హార్స్‌పవర్ ఇంజన్‌కు 10, 12 నంబరు పానాలు, స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్, కర్ర సుత్తి, నీటికి కరగని గ్రీజు, సబ్బునీళ్లు, 200 లీటర్ల డ్రమ్ము ఉంటే చాలు. ఇంజన్‌ను దుంగకు నిలువుగా బిగించి, పెట్రోలు గొట్టం తీసి, ప్లగ్గు వైర్లన్నీ ఊడదీయండి. చేత్తో ప్రొపెల్లర్ తిప్పుతుండగా ఇంజన్ అందుకుందంటే వేళ్లు పోతాయి. గేరు రాడ్డు జాయింటు విప్పే ముందు అది ఎక్కడ కూర్చుందో గీత గీసుకోండి. ఏ గేరులో విప్పారో ఆ గేరులోనే మళ్లీ బిగించాలి. ప్రొపెల్లర్ ఉండే కింది భాగాన్ని కాలు అంటాం, దాన్ని పట్టుకున్న బోల్టులు విప్పాలి. కొన్ని ఇంజన్లలో ఒక బోల్టు తుప్పు పట్టకుండా పెట్టే జింకు ముక్క వెనక దాక్కుని ఉంటుంది, అది చూడకుండా లాగితే కాలు పగులుతుంది. ఉప్పు పట్టి బిగుసుకున్న బోల్టు మీద బలం చూపిస్తే తల తెగి చేతికొస్తుంది. రాత్రంతా డీజిల్‌లో నాననిచ్చి, తల మీద చిన్నగా తట్టి, అటూ ఇటూ కొద్దికొద్దిగా కదపండి. కాలు ఊడకపోతే సందులో స్క్రూడ్రైవర్ దూర్చకండి, కర్ర సుత్తితో తట్టండి.

కాలు కిందికి దిగాక పంపు పై మూత విప్పితే ఫ్యాన్ కనిపిస్తుంది. రెక్కలు లెక్కపెట్టండి. తెగిన రెక్క ఉంటే పగిలిన కుండ పెంకులు పేర్చినట్టు ముక్కలన్నీ పేర్చి చూడాలి. దొరకని ముక్క పైన నీటి గొట్టంలోనో, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ దగ్గరో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని తీయకుండా కొత్త ఫ్యాన్ వేసినా ఇంజన్ వేడెక్కుతుంది. ఈ ఒక్క తప్పు వల్ల కొత్త ఫ్యాన్ మంచిది కాదని నింద పడుతుంది. కింది ప్లేటు మీద, కప్పు లోపల గోరు అడ్డంగా గీకి చూడండి. గోరు గాడిలో తట్టుకుంటే అవీ మార్చాలి.

కొనేటప్పుడు రెక్కను బొటనవేలితో వంచి వదలండి. వెంటనే నిటారుగా రావాలి. అట్టలా బిరుసుగా ఉన్న చవక రబ్బరు తీసుకోకండి. ఫ్యాన్‌ను షాఫ్టుకు పట్టి ఉంచే కీ ముక్క, ప్యాకింగులతో కూడిన కిట్టు కొనడం మేలు.

బిగించేటప్పుడు కీ ముక్క జారిపోకుండా కాస్త గ్రీజుతో అంటించి, ఫ్యాన్ దించి, సబ్బునీళ్లు రాయండి. మూతను కిందికి నొక్కుతూ షాఫ్టును పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పండి. రెక్కలన్నీ తిరిగే దిశకు వెనక్కి వాలి లోపలికి వెళ్తాయి. ఆ తర్వాత వెనక్కి తిప్పకూడదు. షాఫ్టు పళ్ల పక్కలకు గ్రీజు పూయండి, కొస మీద వద్దు. అక్కడ గ్రీజు గడ్డ చేరితే షాఫ్టు పూర్తిగా కూర్చోదు.

కాలు పైకెక్కించేటప్పుడే చాలామంది పొరపడేది. నీటి గొట్టం కొస పంపు మీది రబ్బరు బిళ్లలోకి దిగాలి. పక్కకు తప్పినా కాలు మూసుకుంటుంది, బోల్టులు బిగుస్తాయి, నీళ్లు మాత్రం పైకి ఎక్కవు. టార్చి వేసి చూస్తూ ఎక్కించండి. షాఫ్టు పళ్లు కలవకపోతే ఫార్వర్డ్ గేరులో ఉంచి ప్రొపెల్లర్‌ను ముందుకు తిరిగే వైపే కొద్దిగా తిప్పితే కలుస్తాయి. మిగిలిన సందును బోల్టులతో లాగి మూయాలని చూడకండి. చేత్తో నెడితే పోవాలి. పోలేదంటే లోపల ఏదో అడ్డుంది, దించి మళ్లీ చూడండి. బోల్టుల మరలకు గ్రీజు పూసి ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి.

పనిలో పనిగా గేరు ఆయిలు చూడండి. పాలలా తెల్లగా ఉంటే సీలు పోయి నీళ్లు దిగినట్టు. కొత్త ఆయిలు కింది రంధ్రం నుంచి పైకి నింపాలి, వాషర్లు కొత్తవి వేయాలి.

చివరగా డ్రమ్ములో మంచినీళ్లు నింపి, కాలు పంపు పైదాకా మునిగాకే స్టార్ట్ చేయండి. ఒట్టి గాలిలో ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దామంటే కొత్త ఫ్యాన్ క్షణాల్లో కాలిపోతుంది. ఇరవై లెక్కపెట్టేలోపు ధార రాకపోతే ఆపేసి గొట్టం చూడండి. వచ్చిందంటే పది నిమిషాలు నడవనివ్వండి, లోపలి ఉప్పూ కడుక్కుపోతుంది.

సంద్రంలో ధార ఆగితే ముందు ఇంజన్ ఆపి కాలు ఎత్తండి. నీరు పీల్చే జల్లెడకు ప్లాస్టిక్ సంచి అతుక్కుని ఉండొచ్చు. వేడి ఇంజన్ మీద చల్లని నీళ్లు పోయకండి, లోహం పగులుతుంది.

మత్స్యశాఖ వారికి మా విన్నపం. సబ్సిడీ ఇంజన్‌తోపాటు రెండు ఇంపెల్లర్ కిట్లు ఇవ్వండి. నిషేధం రోజుల్లో ప్రతి రేవులో ఒక పూట, ఒక పాత ఇంజన్ ముందు పెట్టుకుని ఈ పని చేయించి చూపించండి. కిట్లు శ్రీకాకుళం, టెక్కలి, సోంపేటల్లో దొరికే ఏర్పాటు జూన్‌కు ముందే జరగాలి.

ఇట్లు,
అవుట్‌బోర్డు ఇంజన్ల మెకానిక్కులు,
శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతం