500 పెల్లెట్లు కాల్చినా కుదురుకోని బ్యారెల్: మార్చి ఇవ్వమని ఫిర్యాదు

పటమట, విజయవాడ

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. తన కోసం మీ దగ్గర 4.5 మిల్లీమీటర్ల పీసీపీ రైఫిల్ (ముందే సిలిండర్లో గాలి నింపి, ఆ గాలితో సీసపు పెల్లెట్లు కాల్చేది) కొన్నాం. రెండు నెలలుగా ఎప్పుడు ఫోన్ చేసినా మీ వాళ్లది ఒకటే పాట: "కొత్త బ్యారెల్ కదండీ, బ్రేకిన్ అయ్యేదాకా, అంటే కాల్చగా కాల్చగా కుదురుకునేదాకా, ఓపిక పట్టండి." ముందు 200 పెల్లెట్లన్నారు, తర్వాత 500 అన్నారు. ఇప్పుడు రెండో డబ్బా కూడా అడుగంటింది.

కొత్త బ్యారెల్ కుదురుకోడానికి కొంత టైమ్ పడుతుందని నాకూ తెలుసు. ఫ్యాక్టరీలో పూసిన నూనె పోవాలి, లోపలి గాడులకి పల్చగా సీసం పట్టాలి. కానీ కుదురుకునేదైతే వారానికి వారం కొంచెమైనా మెరుగుపడాలి కదా! కోచ్ గారు రైఫిల్‌ని బిగించి 10 షాట్లు కాల్చి చూశారు. పిల్ల చెయ్యి వణికిందనడానికి లేదు. ఆరు ఒకేచోట పడ్డాయి, నాలుగు ఎడమ పక్కకి, కిందకి పోయాయి. మొదటి వారం టార్గెట్ కాగితంలోనూ అంతే. ఈ ఆటలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. చొక్కా గుండీ అంత మేర చెదిరిపోతుంటే ఏం ప్రాక్టీసు చేస్తుంది?

సంగతి ఆటోనగర్‌లో తేలింది. తెలిసిన లేతు మేస్త్రికి చూపించాను. చూపించానంతే, ఆకురాయి కూడా తగలనివ్వలేదు, రేపు మీరు వారంటీకి వంక పెడతారని. ఆయన ఇయర్ బడ్ దూదిని బ్యారెల్ మూతి అంచు చుట్టూ మెల్లగా తిప్పాడు. ముప్పావు వంతు నున్నగా తిరిగి ఒక్కచోట పట్టేసింది. నాలుగు దూది పోగులు అక్కడే వేలాడాయి. మళ్లీ తిప్పితే మళ్లీ అక్కడే. భూతద్దంలో చూస్తే కోతలో మిగిలిపోయిన సన్నటి బర్, అంటే పొడుచుకొచ్చిన స్టీలు ముక్క. పెల్లెట్ మూతి దాటేటప్పుడు దాని వెనక గాలి చుట్టూ ఒకేసారి బయటపడాలి. ఒక పక్క అడ్డుంటే ఆ గాలే పెల్లెట్ తోకని తన్నేస్తుంది. "కాల్చగా కాల్చగా పోయే జబ్బు కాదు సార్. పెల్లెట్ సీసం, ఇది స్టీలు" అన్నాడు.

ఇక మీ మాన్యువల్. మొదటి పది షాట్లకీ, షాటు షాటుకీ రాగిని కరిగించే సాల్వెంట్‌తో బ్యారెల్ తుడవమని రాశారు. రాగి ఎక్కడిదండీ? రాగి తొడుగు తూటాలు మందుగుండు రైఫిళ్లవి. ఆ రైఫిళ్లకైనా ఈ తంతు అవసరమా కాదా అని షూటర్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మా రైఫిల్లో పోయేది సీసం. సాల్వెంట్ లోపలికి జారితే గాలి పోకుండా ఆపే సీళ్లు పాడవుతాయి. 200 బార్ ఒత్తిడితో గాలి నిండే చోటికి పెట్రోలియం సరుకు చేరడం ప్రమాదం కూడా. మా అమ్మాయి అక్షరం పొల్లుపోకుండా పాటించబోతుంటే కోచ్ గారు చూసి ఆపారు.

బ్యారెల్ మార్చండి, లేదా డబ్బు తిరిగివ్వండి. మూతి మళ్లీ కోసి సరిచేస్తామన్నా సరే, కానీ బిగించి కాల్చిన 10 షాట్ల కాగితం జతచేసి పంపాలి. రెండు డబ్బాల పెల్లెట్ల ఖర్చూ, రానుపోను కొరియరూ మీవే. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆపైన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. మీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా నేనున్న చోటే వేసుకోవచ్చు.

బిల్లులు, రెండు టార్గెట్ కాగితాలు, దూది పోగుల ఫొటో జత చేశాను. మీ జవాబు వచ్చేదాకా ఆ రైఫిల్లో ఇంకో పెల్లెట్ పెట్టం.

ఇట్లు,
మీ కొనుగోలుదారు