సుగ్గికి పోయిన ఇళ్ళు, ఊళ్ళో మిగిలిన పిల్లలు: ఈ ఏడాది మన సంఘం పని

సభ్యులందరికీ నమస్కారం.

వాన మొహం చాటేసింది, పత్తి పూత మీదే ఎండిపోయింది అని కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం వైపు నుంచి ఫోన్లు రాగానే మనం మొదట చేసిన పని బియ్యం మూటలు కొనడం. ఇంటింటికీ తిరిగాక తెలిసింది, మనిషికి 5 కిలోల రేషన్ బియ్యం చాలా ఇళ్ళకు అందుతూనే ఉన్నాయి, లేనిదల్లా పప్పు, గుడ్డు, నూనె. ధాత కరువులో (1876-78) మన సీమలో జనం గింజ దొరక్క చచ్చిపోయారు, ఇప్పుడు అన్నం తింటూనే పిల్లలు చిక్కిపోతున్నారు. అందుకే రెండో నెల నుంచి బియ్యం ఆపేసి కందిపప్పు, రాగిపిండి, బుడ్డలు (వేరుశనగ), బెల్లం, నూనె ఇచ్చాం. కమిటీలో దీని మీద గట్టిగానే వాదన జరిగింది, ఇప్పటికీ నాకు ఇదే సరైన పని అనిపిస్తుంది.

నీళ్ళ ట్యాంకర్లు ఎండాకాలమంతా నడిచాయి. ఖర్చుల వివరాలు మహాసభలో చదువుతాం.

అసలు చెప్పాల్సింది సుగ్గి గురించి, అంటే కూలి పనులకు వలస పోవడం గురించి. దసరా, దీపావళి దాటితే గుంటూరు వైపు పత్తికి, మిరపకాయలకు కుటుంబాలు మూటాముల్లె సర్దుకొని పోతాయి, ఇళ్ళకు తాళాలు పడతాయి, పసిపిల్లలు కొందరు అవ్వల దగ్గరే ఉండిపోతారు. అలాంటి ఒక ఇంట్లో రెండేళ్ళ పిల్లాడి ఎడమ జబ్బకు ఆశా కార్యకర్త కొలత టేపు చుట్టింది. 11.2 సెంటీమీటర్లు. 11.5 కన్నా తక్కువైతే ఎరుపు, అంటే తీవ్రమైన పోషకాహార లోపం. అక్కడి నుంచి 12.5 వరకు పసుపు, ఆ పైన పచ్చ. "సన్నగ ఉండాడు గాని బాగనే తింటాడు నాయనా" అంది అవ్వ. ఆమె పెడుతున్నది పలచటి జొన్న గంజి, ఆమె తినేదీ అదే. ఆశా కార్యకర్త వాడి రెండు పాదాల మీద బొటనవేలితో నొక్కి చూసింది, గుంట పడలేదు, వాపు లేదని తేలాక మాకు కాస్త ఊపిరి వచ్చింది.

ఇలాంటి పిల్లల్ని, వాళ్ళకు వైద్యం చేసి తిండి పెట్టే పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చాలంటే పెద్దవాళ్ళు ఒకరు పక్కనే రెండు వారాలు ఉండాలి. అవ్వ వెళ్తే మేకలు ఎవరు చూస్తారు? అక్కడే ఆగిపోయేది ఈ పని. పక్కింటివాళ్ళు మేకలు తోలుకుపోతామన్నారు, బస్సు ఖర్చులు, అవ్వ చేతిఖర్చు సంఘం పెట్టుకుంది. పిల్లాడు తిరిగొచ్చాక వారం వారం కొలిచాం, ఇప్పుడు పసుపులో ఉన్నాడు, ఇంకా పచ్చకు రాలేదు. వాళ్ళమ్మ మిరప చేలోంచి ఫోన్ చేసి అడిగేది ఒక్కటే, "ఈ వారం టేపు ఎంత చూపించింది?"

ఇంకో సంగతి, పిల్లల్ని వెంట తీసుకెళ్ళేవాళ్ళకు అక్కడి అంగన్‌వాడీలో కూడా పేరు రాయించుకోవచ్చని తెలియదు. ఈసారి బయల్దేరే ముందే ప్రతి ఇంటికీ ఇది చెప్పాలి, రేషన్ కార్డు ఏ ఊళ్ళోనైనా చెల్లుతుందని కూడా.

వచ్చే ఏడాది పంపిణీ సభలు, ఫ్లెక్సీలు వద్దని నా ప్రతిపాదన. ఆ డబ్బు ఇలాంటి అవ్వల దారిఖర్చులకు, పిల్లల గుడ్లకు పెడదాం. శనివారాలు ఊళ్ళకు తిరగడానికి మనుషులు కావాలి, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఎందుకంటే అవ్వలు వాళ్ళతోనే మనసు విప్పి మాట్లాడుతున్నారు. రాగలిగినవాళ్ళు దసరాకు ముందే కార్యదర్శికి పేరు ఇవ్వండి.