క్యారేజీలో అవకాడో ఎందుకండీ, గుడ్డు చాలదా?

సంపాదకులకు నమస్కారం.

బడులు తెరిచే ముందు ఆదివారం మీ అనుబంధంలో పిల్లల లంచ్ బాక్సుల మీద రెండు పేజీలు వేశారు. ఫొటోలు భలే ఉన్నాయి, కాదనను. కానీ ఆ వంటలేంటండీ? బ్రోకలీ చీజ్ పరాఠా, మష్రూమ్ పాస్తా, అవకాడో శాండ్‌విచ్, క్వినోవా ఉప్మా. మాది తెనాలి. పొద్దున్నే మార్కెట్‌కి వెళ్తే వంకాయలు, దొండకాయలు, గోంగూర, తోటకూర కుప్పలు పోసి ఉంటాయి. అవకాడో కావాలంటే మాత్రం విజయవాడలో ఏదో ఏసీ షాపు వెతుక్కోవాలి, ఆ ఒక్క కాయ పెట్టే డబ్బుకి డజను గుడ్లు వస్తాయి. ఆ పేజీలు చదివి మా ఆవిడ "మనం పెట్టేది పిల్లలకి సరిపోవట్లేదేమో" అని టెన్షన్ పడింది. అందుకే ఈ ఉత్తరం.

మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. పొద్దున డ్యూటీ ఉన్న రోజుల్లో క్యారేజీలు కట్టే పని నాది. పెద్దాడు ఏడో తరగతి, చిన్నది మూడు. ఏడున్నరకల్లా ఆటో వచ్చి హారన్ కొడుతుంది, ఆలోపు రెండు బాక్సులు, రెండు నీళ్ల సీసాలు, ఒక తప్పిపోయిన సాక్సు.

పిల్లలకి మధ్యాహ్నం ఎంత తిండి కావాలో ఎక్కడ తెలుసుకోవాలా అని నేను యూట్యూబ్ అంతా తిరగలేదు. అది ప్రభుత్వం ఎప్పుడో లెక్క కట్టి పెట్టింది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు, బడిలో పిల్లలకి బియ్యం మూటలు పంచడం కాదు, వండి వడ్డించాలి అని రాష్ట్రాలకి గట్టిగా చెప్పింది. అప్పటి నుంచి మధ్యాహ్న భోజనానికి కొలతలున్నాయి. ఐదో తరగతి వరకు ఒక్కో బిడ్డకి రోజుకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. మొత్తం మీద 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్ అందాలి. ఆరు నుంచి ఎనిమిది దాకా 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 700 కేలరీలు, 20 గ్రాముల ప్రోటీన్. దీని మీద మన రాష్ట్రంలో గుడ్డు ఇస్తున్నారు, రాగిజావ ఇస్తున్నారు, చిక్కీ ఇస్తున్నారు. పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుంది. గోదావరి లంకల్లో వేళ కాని వేళ వచ్చినవాళ్లకి కూడా అన్నం పెట్టిన తల్లి ఆవిడ.

మరి వేలకు వేలు ఫీజులు కట్టి ప్రైవేటు బడికి పంపే మా బోటి వాళ్ల పిల్లల బాక్సులో ఏముంటోంది? బ్రెడ్డు జామ్, లేకపోతే నూడుల్స్, లేకపోతే తెల్లన్నంలో ఇంత నెయ్యి వేసి రెండు ఆలూ చిప్స్. జామ్‌లో సగానికి పైగా చక్కెరే. నూడుల్స్ అంటే మైదా, ఉప్పు, మధ్యాహ్నానికి అది కూడా ముద్ద అయిపోయి బాక్సు ఆకారంలో ఊడొస్తుంది. సర్కారు బడి పిల్లాడి పళ్లెంలో గుడ్డుంది, వాడి కంటే గొప్పగా చదివిస్తున్నామనుకునే మా పిల్లల బాక్సులో లేదు. అక్కడ వంట బాగుందా లేదా అనేది వేరే గొడవ, బాగాలేని చోట్ల బాగుచేయమని అడగాల్సిందే. నేను మాట్లాడేది కొలత గురించి. వాళ్లకి ఒక లెక్కంటూ ఉంది, మనకి లేదు.

ఆ లెక్కే ఇంట్లో పెట్టుకోండి అంటాను. మా చిన్నది ఒక పూటకి 100 గ్రాముల బియ్యం వండితే తినదు, అందులో సగం తింటే గొప్ప. అంటే అన్నం నుంచి ప్రోటీన్ నాలుగు గ్రాములు కూడా దాటదు. ఒక గుడ్డు పెడితే ఆరు గ్రాములు వచ్చేస్తుంది. ఆ అన్నంలో పప్పు ఉంటే 12 దగ్గర పడ్డట్టే. గుడ్డు తిననివాళ్లు బెంగపడక్కర్లేదు, 100 గ్రాముల వేరుశెనగ గుళ్లలో దాదాపు 25 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, గుప్పెడు వేయించి పులిహోరలో పడేస్తే గుడ్డుకి సరిపోతుంది. శనగలు, బొబ్బర్లు, పెసలు కూడా అంతే. రాత్రి నానేసుకుంటే పొద్దున కుక్కర్లోనే పని అయిపోతుంది: అడుగు గిన్నెలో పప్పు, మీద గిన్నెలో అన్నం, పైన చిన్న గిన్నెలో గుగ్గిళ్లు. తాలింపు పెట్టాక ఒక నిమ్మచెక్క పిండండి. పులుపు రుచికే కాదు, గింజల్లో, ఆకుకూరల్లో ఉన్న ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే విటమిన్ సి తోడుండాలి. అందుకే మేం సగం జామకాయ ముక్కలు కూడా పెడతాం, నారింజ కంటే జామలో సి విటమిన్ చాలా ఎక్కువ, ధరేమో అందులో సగం.

ఇనుము సంగతి ఎందుకంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి, తెలంగాణలో 70 శాతం మందికి రక్తహీనత అని తేలింది. ఆ పిల్లలే ఇప్పుడు బ్యాగులు వేసుకుని బడికెళ్తున్నారు.

పొడుల గురించి మీ రెండు పేజీల్లో ఒక్క ముక్క లేదు, అది నాకు నిజంగా కోపం తెప్పించింది. కరివేపాకు పొడి, నువ్వుల పొడి, కందిపొడి, మునగాకు పొడి. ఆదివారం గంటసేపు కూర్చుంటే రెండు వారాలకి సరిపడా అయిపోతాయి, ఏ రోజు కూర కుదరకపోయినా వేడన్నంలో చెంచాడు పొడి, ఇంత నెయ్యి. నువ్వుల్లో కాల్షియం ఉంది. రాగుల్లో అయితే 100 గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైనే, అదే తెల్లబియ్యంలో పది చుట్టుపక్కల ఉంటుందంతే. ఇవన్నీ లెక్కగట్టిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే ఉంది. 2024లో వాళ్లిచ్చిన ఆహార సూచనల్లో కూడా ఉప్పు, చక్కెర, ప్యాకెట్ తిండి తగ్గించండి, పప్పులు, కూరగాయలు, పళ్లు పెంచండి అనే ఉంది. క్వినోవా దాకా పోనక్కర్లేదు.

పెరుగన్నం పెట్టేవాళ్లకి ఒక మాట, తెలిసినవాళ్లు వదిలేయండి. పొద్దున్నే పెరుగు కలిపి పెడితే మధ్యాహ్నానికి పులిసి పిల్లలు తినరు. మెత్తగా మెదిపిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి ఒక చెంచా పెరుగు తోడేస్తే, తినే వేళకి కమ్మగా తోడుకుని ఉంటుంది. దానిమ్మ గింజలు నాలుగు చల్లితే చిన్నపిల్లలు వద్దనరు. ఏదైనా సరే, పొగలు కక్కుతుండగా మూత బిగించొద్దు, ఆవిరి లోపలే నీరై అన్నం పాడవుతుంది, ఎండల్లో మరీ త్వరగా.

ఇక ఖర్చు. గుడ్డు ఆరేడు రూపాయలు, వేరుశెనగ గుళ్లు నాలుగైదు, అన్నం, పప్పు, కూర కలిపి పది, పన్నెండు, పండు ఐదు. మా ఊరి ధరల్లో ఒక బాక్సు ముప్పై దాటదు. నూడుల్స్ ప్యాకెట్టు, చీజ్ స్లైసు, చిన్న జ్యూసు డబ్బా కొంటే అంతకంటే ఎక్కువే అవుతుంది.

అయితే డబ్బు, వంట తేలిక. అసలు చిక్కంతా బడిలోనే. మా పిల్లల బడిలో "గుడ్డు వాసన వస్తోందని ఫిర్యాదులున్నాయి, బాక్సుల్లో పెట్టకండి" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. ఒకరిద్దరికి ఇబ్బందైతే వాళ్లని వేరే బెంచీలో కూర్చోబెట్టొచ్చు కదా, అందరి గుడ్డూ ఆపడమేంటి? ప్రభుత్వమే పిలిచి పెట్టే గుడ్డుని ప్రైవేటు బడి గేటు దగ్గర ఆపేస్తే ఎవరిని అడగాలి? ఇంకో రూలు, అన్నం కలిపే పెట్టాలట, చెంచాతోనే తినాలట. చేతులు కడుక్కునే కుళాయిలు చాలవు, అదీ అసలు కారణం. లంచ్ బ్రేక్ పేరుకి అరగంట, వరుసలో నడిపించి, ప్రార్థన చేయించి, మూతలు తీసేసరికి మిగిలేది పావుగంట. చిన్నదాని స్టీలు బాక్సు మూత దాని చేతికి రాదు, టీచర్ దగ్గరికి వెళ్లి తీయించుకుని వచ్చేసరికి పక్కవాళ్లు తినేసి ఆడుకోవడానికి పోతారు. సగం బాక్సు ఇంటికొస్తే మనం "పిల్లకి తిండి మీద ధ్యాసే లేదు" అని దాన్నే తిడతాం.

పిల్లల మధ్య ఆ వయసు సిగ్గులు కూడా ఉంటాయి. పెద్దాడు ఒకరోజు "నాన్నా, మునగాకన్నం వద్దు, నల్లగా ఉందని నవ్వుతున్నారు" అన్నాడు. వాడితో వాదనెందుకని అదే మునగాకు గుడ్డు పొరటులో వేసి ఇంట్లో రాత్రి పూట పెడుతున్నాను, బాక్సులో నిమ్మకాయ పులిహోర వెళ్తోంది. గెలవాల్సిన పని లేదు, ఏదో ఒక పూట కడుపులోకి పోతే చాలు.

బడి గేటు ముందు సంగతి కూడా రాయాలి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి బడి క్యాంటీన్‌లో గానీ గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ అమ్మకూడదని ఆహార భద్రత సంస్థ 2020లోనే నిబంధనలు తెచ్చింది. బడి వదిలే టైముకి ఏ ఊళ్లోనైనా వెళ్లి నిలబడి చూడండి. సీబీఎస్ఈ వాళ్లు 2025లో తమ బడుల్లో ఏ తిండిలో చక్కెర ఎంతుందో, రోజుకి ఎంత తినొచ్చో చెప్పే షుగర్ బోర్డులు పెట్టమన్నారు, మాది స్టేట్ సిలబస్ కాబట్టి మా గోడల మీద ర్యాంకర్ల ఫొటోలే ఉంటాయి.

మిమ్మల్ని అడిగేది రెండే. మీ అనుబంధంలో ఇకపై బాక్సు వంటలు వేస్తే ప్రతి వంట కింద ఎంత ఖర్చవుతుందో, ఎన్ని నిమిషాలు పడుతుందో, ప్రోటీన్ ఎంతో కూడా వేయండి, పొయ్యి ముందు నిలబడే మాకు ఫొటో కంటే అది పనికొస్తుంది. రెండోది, మీ జిల్లా విలేకర్లని ఒకసారి ప్రైవేటు బడులకి లంచ్ టైములో పంపండి. పిల్లలకి తినడానికి నిజంగా ఎన్ని నిమిషాలు దొరుకుతున్నాయో, ఎన్ని కుళాయిల్లో నీళ్లొస్తున్నాయో, గుడ్డు మీద ఏ బడిలో ఏ రూలుందో రాయండి. జిల్లా విద్యాశాఖాధికారి మా ఉత్తరాలకి జవాబివ్వకపోయినా మీ పేజీలో వస్తే చదువుతారు.

- ఇద్దరు పిల్లల తండ్రి, తెనాలి