గీకే అయస్కాంతం చేసిన ఘనకార్యం

హనుమకొండ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. నెల రోజులుగా నా చేతులు మోచేతులదాకా మన సముద్రపు చేపల ట్యాంకు ఉప్పునీళ్లలోనే ఉన్నాయిరా.

మొదట రొయ్యలు పోయాయి, రెండు రోజుల తేడాతో రెండూ. తర్వాత నత్తలు అద్దం మీద పట్టు వదిలి ఇసుకలో వెల్లకిలా పడ్డాయి. మెత్తని పగడాలు ముడుచుకున్నవి మళ్లీ విప్పుకోలేదు. చేపలు మాత్రం మామూలుగానే తిండికి ఎగబడుతున్నాయి! అప్పుడే నాకు బుర్ర వెలగవలసింది. నాకేమో మన బోరు నీళ్ల మీదే అనుమానం. ఆర్వో ఫిల్టర్లు మార్చాను. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు ముందునుంచీ సున్నా చూపిస్తున్నా నమ్మక, మిగిలిన లవణాలను పట్టే రెసిన్ గుళికలు కూడా మార్చాను. సాంద్రత 1.025, వేడి 26 డిగ్రీలు, అమ్మోనియా లేదు. "ఆ భద్రకాళి చెరువు నీళ్లు పోస్తే ఇంత బాధ ఉండేదా" అని అమ్మ.

దొంగ ఎవరనుకున్నావు? అద్దం లోపలి నాచు గీకే అయస్కాంతం! ఒకరోజు దాన్ని ఇసుక మీద పెట్టి తీస్తే గోధుమరంగు మరక పడింది. చూద్దును కదా, ప్లాస్టిక్ తొడుగు అతుకు దగ్గర విచ్చుకుని, లోపలి అయస్కాంతం ఉబ్బి పొడి రాలుతోంది. వట్టి ఇనుమైతే నాచు కాస్త పెరిగి ఊరుకునేది. కానీ ఈ నియోడిమియం అయస్కాంతాలకు సాధారణంగా నికెల్, రాగి, మళ్లీ నికెల్ పూతలు వేస్తారు. రాగి చెంబులో నీళ్లు మనకు మంచివంటారు కానీ, రొయ్యలకూ నత్తలకూ పిసరంత రాగి చాలు. చేపలు తట్టుకుంటాయి, వాటి జబ్బులకు వాడేదే రాగి మందు.

పంపు గొట్టానికి బిగించిన స్టీలు క్లిప్పూ మచ్చలు తేలింది. స్టెయిన్‌లెస్‌ను కాపాడేది పైనుండే సన్నని క్రోమియం ఆక్సైడ్ పొర. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 19 గ్రాముల క్లోరైడ్ ఉంటుంది, అది ఆ పొరను చిల్లులు పొడుస్తుంది. పర్షియా వ్యాపారులు వెతుక్కుంటూ వచ్చి కొన్న కోనసముద్రం ఉక్కు మన నిజామాబాద్ జిల్లాదేనని గొప్పలు చెప్పుకుంటాం. నా క్లిప్పు ఆరు నెలలు ఆగలేదు! దాని స్థానంలో నైలాన్ పట్టీ వేశాను.

ఇక నీళ్లు మార్చడం. 200 లీటర్ల ట్యాంకులో నాలుగుసార్లు 40 లీటర్ల చొప్పున మార్చాను, విడతకు కిలోన్నర ఉప్పు. 80 శాతం పాత నీళ్లు పోయాయని మురిసిపోయాను. లెక్క వేస్తే ఇంకా 41 శాతం అక్కడే ఉన్నాయి, ప్రతిసారీ కొత్తవీ కలిసిపోతాయి కదా. నీ లెక్కల బుర్ర పక్కన ఉంటే ఈ తెలివితక్కువతనం తప్పేది. ఇప్పుడు నీళ్లలోని మలినాలు పీల్చే ఉత్తేజిత బొగ్గు, రాగిని పట్టే రెసిన్ పెట్టాను.

నిన్న రాత్రి ఒక నత్త అద్దం ఎక్కింది. దసరాకు వచ్చేటప్పుడు హైదరాబాద్ నుంచి రెండు కిలోల ఉత్తేజిత బొగ్గు తీసుకురా. రొయ్యలు మాత్రం ఇప్పుడే కొనకు. ట్యాంకులోని రాళ్లు పీల్చుకున్న రాగి మెల్లగా మళ్లీ నీళ్లలోకి వదులుతుందట.

నీ బావ