ఫోన్‌లో రాసిన ప్రోగ్రామూ ప్రోగ్రామే

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ప్రోగ్రామింగ్ పాఠాలు చెబుతాను. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ల్యాబ్‌లో దొరికే ఆ గంటే వాళ్లకు సాధన. కానీ వాళ్ల జేబులో ఫోన్ ఉంది. ఆండ్రాయిడ్ నడిచేది లైనక్స్ కెర్నల్ మీదే, అంటే కంప్యూటర్లను నడిపే లైనక్స్ వ్యవస్థ గుండెకాయ మీదే. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆ కెర్నల్ రాయడం మొదలుపెట్టిన కంప్యూటర్‌కు ర్యామ్ 4 మెగాబైట్లు. 4 గిగాబైట్ల ఫోన్‌లో దానికి వెయ్యి రెట్లు ఉంది.

నా విద్యార్థిని ఒకమ్మాయి అద్దం పగిలిన ఫోన్‌లో టెర్మక్స్ అనే యాప్ తెరిచి చూపించింది. అది టెర్మినల్, అంటే ఆదేశాలు టైప్ చేసి పని చేయించే తెర. ‘పీకేజీ ఇన్‌స్టాల్ పైథాన్’ అని కొడితే చాలు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చేస్తుంది. ఫోన్‌ను రూట్ చేయక్కర్లేదు, అంటే కంపెనీ పెట్టిన రక్షణలు తీసేయక్కర్లేదు. ఆమె రాసిన లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడ్, ఎంతకీ ఆగకపోతే, వాల్యూమ్ తగ్గించే బటన్ నొక్కిపట్టి ‘సీ’ కొట్టింది. టెర్మక్స్‌లో ఆ బటనే కంట్రోల్ కీ; కంట్రోల్, సీ కలిపి కొడితే నడుస్తున్న ప్రోగ్రామ్ ఆగుతుంది. లూప్ ఆగింది. తప్పు దిద్దుకుని, కోడ్‌లో మార్పులను భద్రపరిచే గిట్‌లో కమిట్ (నమోదు) చేసింది. ఇంత చేసినా, కంప్యూటర్‌లో చేయలేదన్న ఒక్క కారణంతో ఆమె ల్యాబ్ రికార్డును తిప్పి పంపారు. ఆ రోజు ఆమె ముఖం చూడలేకపోయాను.

ఇబ్బందులు లేవని అనను. తెర మీది కీబోర్డే సగం చోటు తినేస్తుంది, బ్రాకెట్ల కోసం వెతుక్కోవాలి. చిన్న బ్లూటూత్ కీబోర్డు ఉంటే ఆ బాధ తీరుతుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి, యాప్‌లు వెనకాల నడిపే ప్రాసెస్‌లు (నడుస్తున్న చిన్న ప్రోగ్రామ్‌లు) 32 దాటితే సిస్టమే కొన్నిటిని చంపేస్తుంది. పని మధ్యలో, సిస్టమ్ అలా ఆపేసిందని చెప్పే ‘సిగ్నల్ 9’ కనిపిస్తే పిల్లలు తమదే తప్పనుకుంటారు. ఇలాంటివి ఉపాధ్యాయుల శిక్షణలో చెప్పాలి. 2025లో గూగుల్ తన పిక్సెల్ ఫోన్లలో డెబియన్ అనే లైనక్స్ రకాన్ని నడిపే టెర్మినల్‌ను తానే ఇచ్చింది. ఫోన్లు తయారుచేసేవాళ్లే ఇటు వస్తున్నారు, మన నిబంధనలు ఇంకా రాలేదు.

ఫోన్‌లో చేసిన ల్యాబ్ పనిని రికార్డుగా అంగీకరించమని ఉత్తర్వు ఇవ్వండి. పిల్లలకు ఇచ్చే ట్యాబ్లెట్లలో టెర్మినల్ పెట్టుకోనివ్వకుండా తాళం వేయకండి. కుదిరితే ల్యాబ్‌కు కొన్ని కీబోర్డులు, పిల్లలు ఇంటికి పట్టుకెళ్లేలా. అన్నిటికంటే మొదటిది ముఖ్యం, దానికి పైసా ఖర్చు లేదు.

మీరు పది నిమిషాలు సమయమిస్తే, ఆ అమ్మాయే వచ్చి తన ప్రోగ్రామ్‌ను అదే ఫోన్‌లో మీ ముందు నడిపి చూపిస్తుంది.

ఇట్లు,
ఒక ప్రోగ్రామింగ్ ఉపాధ్యాయుడు