వార్షిక నివేదిక: పెంపుడు చిలుకల కాటు, స్వభావ మార్పులపై ఈ ఏడాది మన సంఘం చేసిన కృషి

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

గడిచిన సంవత్సరం మన సంఘం పనిలో సింహభాగం ఒకే విషయానికి వెచ్చించాము. నిన్నటి దాకా భుజం మీద కూర్చుని తల గోకించుకున్న చిలుక ఇవాళ వేలు నెత్తురు కారేలా కరిచిందని, కారణం అంతుపట్టడం లేదని సభ్యుల నుంచి వచ్చే ప్రశ్నలు మిగతా ప్రశ్నలన్నింటినీ మించిపోవడంతో, సంవత్సరారంభంలో జరిగిన సమావేశంలోనే ఈ అంశాన్ని ప్రధాన కార్యక్రమంగా స్వీకరించాము. ఆదాయ వ్యయాల పట్టికను, సభ్యత్వ వివరాలను విడిగా పంపుతున్నందున వాటిని ఇక్కడ మళ్లీ రాయడం లేదు.

కాటు నమోదు పుస్తకం

ఈ ఏడాది చేపట్టిన పనుల్లో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. చిలుక కరిచిన ప్రతిసారీ అది ఎక్కడ ఉంది, వేళ ఎంత, గదిలో ఎవరెవరు ఉన్నారు, అంతకు ముందు నిమిషంలో పక్షి ఏం చేస్తోంది, దాని ఒళ్లు ఎలా ఉంది, కరిచిన వెంటనే మనిషి ఏం చేశారు అన్నవి రాసి ఉంచాలని సభ్యులను కోరాము. కోపం, పగ, అసూయ, పొగరు వంటి మాటలు ఆ పుస్తకంలో రాయకూడదన్నది ఒక్కటే నిబంధన. ప్రవర్తనకు ముందు జరిగినదేమిటి, ప్రవర్తన ఏమిటి, దాని తర్వాత పక్షికి దక్కినదేమిటి అని విడదీసి చూసే ఈ పద్ధతి మనం కనిపెట్టింది కాదు. మనోవైజ్ఞానిక శాస్త్రంలో చాలాకాలంగా ఉన్నదే. పెంపుడు పక్షుల పెంపకందార్లలో దీనిని విస్తృతంగా ప్రచారం చేసిన వారిలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త సూసన్ ఫ్రీడ్‌మన్ ముఖ్యులు.

పుస్తకాలను నెలవారీ సమావేశాల్లో కలిసి చదివినప్పుడు తేలిన మొదటి సంగతి, ముందస్తు సూచన లేకుండా పడిన కాటు బహు అరుదన్నది. కరిచే ముందు చిలుక ఒళ్లు బిగుస్తుంది, తింటున్నది ఆపేస్తుంది, చేతికి దూరంగా ఒకటి రెండు అడుగులు జరుగుతుంది, లేదా ఒక కాలెత్తి చేతిని తోసేస్తుంది. అమెజాన్ చిలుకల్లో మెడ వెనుక ఈకలు లేస్తాయి, తోక విసనకర్రలా విచ్చుకుంటుంది. కాక్‌టీల్ అనే చిన్న చిలుక తలపై ఉన్న కుచ్చును తలకు అంటుకునేలా అణచి బుసకొడుతుంది. ఆఫ్రికన్ గ్రే అనే బూడిద రంగు చిలుక గుర్రుమంటుంది. కనుపాపలు వెంటవెంటనే చిన్నవై పెద్దవి కావడం కూడా సూచనే గాని, మాట్లాడేటప్పుడు, ఇష్టమైన గింజ చూసినప్పుడు కూడా చిలుక కళ్లు అలాగే ఆడతాయి కాబట్టి ఆ ఒక్క గుర్తును పట్టుకుని నిర్ణయానికి రాకూడదని, మిగతా శరీరంతో కలిపి చూడాలని సమావేశంలో పలుమార్లు చెప్పుకున్నాము.

ఇంతకంటే ముఖ్యమైన రెండో సంగతి ఈ సూచనలు ఎలా మాయమవుతాయన్నది. పక్షి వెనక్కి జరిగినా చేయి ముందుకు వస్తూనే ఉంటే, ఈకలు లేపినా వేలు పొట్టకు తగులుతూనే ఉంటే, ఆ సైగలు పనికిరావని దానికి తెలిసిపోతుంది. కరిస్తే మాత్రం చేయి వెంటనే వెనక్కి వెళ్తుంది. కొన్నాళ్లు ఇలా సాగితే అది మధ్య మెట్లన్నీ వదిలేసి నేరుగా కరవడం అలవాటు చేసుకుంటుంది. మనం ఒకసారి వెనక్కి తగ్గితే చిలుక నెత్తికెక్కుతుందనే నమ్మకం పెంపకందార్లలో ఇంకా బలంగా ఉంది. దానితో కార్యవర్గం ఏకీభవించడం లేదు. పక్షి వద్దన్నప్పుడు చేయి తీసేసి, కాసేపాగి మళ్లీ అడిగిన ఇళ్లలోనే కాట్లు తగ్గినట్టు నమోదు పుస్తకాలు చూపుతున్నాయి.

మూడవది, కాటుగా నమోదైన వాటిలో కొన్ని అసలు కాట్లే కావు. చిలుకకు ముక్కు పట్టుకొమ్మ. నిలువుగా ఎక్కేటప్పుడు ముక్కు నిజంగానే మూడో కాలిలా బరువు లాగుతుందని లవ్‌బర్డ్‌లనే చిన్న చిలుకలపై జరిగిన ఒక అధ్యయనం 2022లో వెలువడింది. చేతి మీదికి అడుగు పెట్టే ముందు ఆ చేయి కదలదని నిర్ధారించుకోవడానికి పక్షి ముక్కుతో పట్టి చూస్తుంది. కరుస్తుందన్న భయంతో ఆ క్షణంలో చేయి లాగేస్తే అది తూలుతుంది, మరుసటిసారి మరింత గట్టిగా పట్టుకుంటుంది. పిల్ల చిలుకలు లోకాన్ని ముక్కుతోనూ నాలుకతోనూ తెలుసుకుంటాయి. వాటి కొరుకుడును దాడిగా భావించి దండించిన చోట నిజమైన కాట్లు మొదలయ్యాయి.

ఆరోగ్యం

ఎదిగిన పక్షి స్వభావం కొద్ది రోజుల్లోనే మారితే శిక్షణ గురించి ఆలోచించే ముందు పక్షుల వైద్యం తెలిసిన వైద్యుడికి చూపించాలని ఈ ఏడాది మన కరపత్రంలో మొదటి వాక్యంగా చేర్చాము. వేటకు గురయ్యే జీవి కావడం వల్ల చిలుక జబ్బును దాచుకుంటుంది. బయటికి కనిపించేసరికి పరిస్థితి చేయి దాటిపోయే ప్రమాదం ఉంది. ఈకలు ఉబ్బించుకుని కూర్చోవడం, ఊపిరి తీసుకునేటప్పుడు తోక పైకీ కిందికీ ఊగడం, రెట్ట రంగులోనూ పరిమాణంలోనూ మార్పు, గొంతు మూగబోవడం వంటివి చిరాకుతో పాటు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ఆడ పక్షి అడుగున కూర్చుని ముక్కుతున్నట్టు ఉంటే గుడ్డు అడ్డుపడి ఉండవచ్చు. అది గంటల మీద చూడవలసిన విషయం.

గింజలు మాత్రమే తినే పక్షుల్లో విటమిన్ ఎ లోపం, ఆఫ్రికన్ గ్రేలలో కాల్షియం తగ్గి మూర్ఛలు రావడం, జింకు పూత గల తీగలు, సీసం ఉన్న వస్తువులు కొరకడం వల్ల విషం ఎక్కడం వైద్యులు తరచుగా చూసే సమస్యలే. వీటిలో దేని వల్ల నలతపడినా పక్షి చేతి స్పర్శను సహించకపోవచ్చు. ఈకలు రాల్చే కాలంలో కొత్త ఈకల మొలకల్లో రక్తం ప్రవహిస్తూ ఉంటుంది, వాటిని నొక్కితే నొప్పి పుడుతుంది. రోజూ మెడ గోకించుకునే చిలుక ఆ రోజుల్లో కరిచిందంటే అది జబ్బూ కాదు, మొండితనమూ కాదు.

గ్రాముల్లో చూపే చిన్న తూకంపై పక్షిని నిలబెట్టడం ఎలాగో ఒక సమావేశంలో చేసి చూపించాము. ఉదయం మేత పెట్టక ముందు తూచి రాసుకుంటే, కళ్లకు కనిపించని మార్పు అంకెల్లో కనిపిస్తుంది. శరీర బరువులో 10 శాతం తగ్గితే అత్యవసరమని అనుకోవాలి. సుమారు 90 గ్రాముల కాక్‌టీల్‌కు అది 9 గ్రాములే, ఈకల చాటున ఎవరికీ తెలియదు.

యుక్తవయసు, ఋతువులు

సభ్యుల ఆవేదనలో పెద్ద భాగం దీనికి సంబంధించినదే. బడ్జీలు, కాక్‌టీల్‌లు, లవ్‌బర్డ్‌లు ఏడాది లోపే యుక్తవయసుకు వస్తాయి. కోనూర్‌లు ఒకటి నుంచి మూడేళ్లలోనూ, ఆఫ్రికన్ గ్రేలు, అమెజాన్‌లు, కొకాటూలు, మకావ్‌లు ఇంకా ఆలస్యంగా, సుమారు మూడు నుంచి ఏడేళ్ల మధ్యలోనూ ఆ దశ చేరుకుంటాయి. పిల్లగా తెచ్చుకుని నాలుగేళ్లు ముద్దుగా పెంచుకున్న అమెజాన్ మగపక్షి ఒక ఋతువులో ఇంటివారినే తరిమితే, పెంపకంలో ఏదో లోపం జరిగిందని వారు కుమిలిపోవడం సహజం. చిలుకలు కుక్కల్లా వేల ఏళ్లుగా మనిషితో కలిసి మారిన జాతులు కావు. మన ఇళ్లలో ఉన్న పెద్ద చిలుకలు అడవి పూర్వీకులకు కొద్ది తరాల దూరంలోనే ఉన్నాయి. జతకట్టే కాలంలో జతనూ గూటినీ కాపాడుకోవడం వాటి ఒంట్లోనే ఉంది. ఇంట్లో ఒకరిని జతగా ఎంచుకుని, వారి దగ్గరికి వచ్చిన మరొకరిని కరవడం, కొన్నిసార్లు ఆ ఎంచుకున్న వ్యక్తినే కరిచి అక్కడి నుంచి తరమాలని చూడడం కూడా ఈ కాలంలో కనిపిస్తుంది.

దీన్ని ఆపలేము గాని రెచ్చగొట్టకుండా ఉండవచ్చు. రాత్రి పొద్దుపోయే దాకా దీపాల వెలుగులో కూర్చోబెట్టకుండా 10 నుంచి 12 గంటల చీకటి, నిశ్శబ్దం ఇవ్వాలి. పెట్టెలు, సొరుగులు, సోఫా కింది చీకటి మూలలు, పంజరంలో వేలాడదీసే గుడ్డ గూళ్లు చిలుకకు గూడులా తోస్తాయి కనుక తీసేయాలి. కొవ్వు పదార్థాలు, వెచ్చని మెత్తని ఆహారం అవసరానికి మించి పెట్టకూడదు. నిమరడం తలకూ మెడకూ పరిమితం కావాలి. వీపు, రెక్కల కింద, తోక మొదట్లో నిమరడం పక్షికి జతకట్టడానికి పిలుపు. ప్రేమతో చేసే ఈ చివరి పనిని మానిపించడమే మాకు అన్నింటికంటే కష్టమైంది. వీటికి లొంగకుండా వరుసగా గుడ్లు పెట్టే పక్షులకు, తమను తాము గాయపరచుకునే పక్షులకు హార్మోన్లను అణచే మందు ఉంది, అది వైద్యుడి నిర్ణయం మేరకే ఇవ్వాలి.

ఈ దశలో పక్షిని ఇతరులకు ఇచ్చేస్తామని సంఘాన్ని సంప్రదించిన వారిని, ఇంట్లో పసిపిల్లలకు ప్రమాదం ఉన్న సందర్భాల్లో తప్ప, ఆ ఋతువు గడిచే దాకా ఆగమని కోరాము. ఇల్లు మారిన చిలుక మొదటి వారాల్లో అణకువగా ఉండి, ఆ తర్వాత కరవడం మామూలే. కారణం తెలియకుండా చేతులు మారితే సమస్య కూడా వెంట వెళ్తుంది.

పరిసరాలు, విసుగు

పుస్తకాలు చదివే సమయంలో ఒక్కోసారి నవ్వు కూడా వచ్చింది. కొత్త కళ్లద్దాలు, గోళ్లరంగు, టోపీ, తల చుట్టూ కట్టుకున్న తువ్వాలు కాటుకు కారణాలుగా తేలాయి. చిలుక మనకు కనిపించని అతినీలలోహిత కాంతిని కూడా చూస్తుంది కాబట్టి మనకు ఒకేలా తోచిన రెండు బట్టలు దానికి వేరుగా ఉండవచ్చు. కిటికీ బయట డేగ కనిపించినప్పుడో, పక్క గదిలో ఏదో కూలినప్పుడో భయపడిన పక్షి దగ్గర్లో ఉన్న చేతిని కరుస్తుంది, ఆ చేతిపై దానికి ఏ ఫిర్యాదూ లేకపోయినా. పంజరం లోపల చేయి పెట్టినప్పుడు కరిచి, బయట చక్కగా మసలే పక్షి తన చోటును కాపాడుకుంటోందని అర్థం. దానిని బయటికి రానిచ్చాకే గిన్నెలు మార్చాలి.

అడవిలో చిలుక రోజులో ఎన్నో గంటలు మేత వెతుక్కుంటుంది. గిన్నెలో సిద్ధంగా పోసిన గింజలు కొద్దిసేపట్లో అయిపోతాయి, మిగతా రోజంతా ఖాళీయే. కాగితంలో చుట్టి, చిన్న అట్టపెట్టెల్లో దాచి మేత పెట్టడం మన సభ్యుల్లో ఇప్పుడు బాగా అలవాటైంది. అలసట, విసుగు కూడా లెక్కలోకి తీసుకోవాలి. శాస్త్రవేత్త ఐరీన్ పెప్పర్‌బర్గ్ 1977 నుంచి శిక్షణ ఇచ్చిన అలెక్స్ అనే ఆఫ్రికన్ గ్రే, 2007లో చనిపోయే దాకా ఎన్నో పరీక్షలకు జవాబులు చెప్పినదే అయినా, విసుగొస్తే తిరిగి పంజరానికి వెళ్తానని ఆంగ్లంలో అడిగేది. మన చిలుకలకు ఆ వాక్యం రాదు, ముక్కు మాత్రం ఉంది.

కరిచినప్పుడు

అరవకుండా, విదిలించకుండా, చేతిని నిలకడగా ఉంచి పక్షిని దగ్గర్లోని కొమ్మ మీదికో బల్ల మీదికో దించి, మౌనంగా కొద్దిసేపు పక్కకు వెళ్లాలని సూచించాము. పెద్దగా కేకపెట్టడం కొన్ని చిలుకలకు వినోదం, మరికొన్నింటికి భయం. రెండూ మనకు నష్టమే. ముక్కు మీద కొట్టడం, ముఖాన ఊదడం, నేల మీద పడేయడం, శిక్షగా పంజరం కప్పేయడం వంటి పాత చిట్కాలను సంఘం వేదికపై ఎవరూ సిఫారసు చేయరాదని కార్యవర్గం తీర్మానించింది. కరిచే అలవాటున్న పక్షిని భుజం మీద, అంటే కంటికీ పెదవికీ అందే దూరంలో కూర్చోబెట్టరాదు. గాయాన్ని సబ్బు నీటితో కడగాలి, లోతుగా దిగినా కంటి దగ్గర తగిలినా వైద్యుడిని కలవాలి.

కర్ర కొనను ముక్కుతో తాకితే ఇష్టమైన గింజ ఇచ్చే శిక్షణను పంజరం ఊచల బయటి నుంచే మొదలుపెట్టి ప్రదర్శించాము. చేయి దగ్గరికి రాకుండానే పక్షి మనిషితో కలిసి పనిచేయడం నేర్చుకుంటుంది కాబట్టి, భయపడిన ఇంటివారికి కూడా ఇది ఆచరణీయం.

రెక్కల ఈకలు కత్తిరించే విషయంలో సభ్యుల మధ్య భేదాభిప్రాయం తీరలేదు. ఎగిరిపోయి ప్రాణం పోగొట్టుకుంటుందన్న భయం న్యాయమైనదే. తప్పించుకుని ఎగిరే దారి మూసేస్తే భయపడిన పక్షికి కరవడమే మిగులుతుందన్న వాదన కార్యవర్గంలో ఎక్కువమందికి బలంగా తోచింది. అయినా దీనిపై నిబంధన ఏదీ చేయలేదు.

రానున్న సంవత్సరం

నమోదు పుస్తకంలో బరువు, నిద్ర వేళలు, ఈకలు రాల్చే కాలం రాసుకునే గడులు చేర్చాలని, పక్షులకు వైద్యం చేసే వైద్యుల జాబితాను సభ్యులందరికీ అందజేయాలని, పిల్లలున్న ఇళ్ల కోసం ప్రత్యేకంగా ఒక సమావేశం ఏర్పాటు చేయాలని ప్రతిపాదిస్తున్నాము. ఈ మూడింటిపై సర్వసభ్య సమావేశంలో ఓటింగ్ ఉంటుంది. పాత పుస్తకాలు ఆ రోజు వెంట తీసుకువస్తే కొత్త ప్రతులు అక్కడే ఇస్తాము. పక్షులను మాత్రం తీసుకురావద్దు, ఒకదాని జబ్బు మరొకదానికి సోకవచ్చు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి