కమిషనర్ గారూ, మా ఇనుప బాణలి ఏమైంది?

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

బెంగళూరులో పార్కు గోడ పక్కన ఉగ్గాని (బొరుగుల ఉప్మా), బజ్జీల బండి పెట్టుకునే ఆమె, మీవాళ్లు బండితో పాటు ఎత్తుకుపోయిన బాణలి కోసం నమస్కారం చేసి రాయించే ఉత్తరం ఇది. నేను చెబుతా ఉంటే మా అబ్బాయి ఫోన్లో టైపు చేస్తున్నాడు. "అమ్మా, ఇంత గట్టిగా వద్దులే" అని వాడు రెండు మూడు మాటలు తీసేసినాడు. అవేమిటో మీరు ఊహించుకోగలరు.

ఇంతకు ముందు కన్నడలో ఆరు అర్జీలు ఇచ్చినాము. ఏడోది ఇంగ్లీషులో, మా వరుసలో ఇస్త్రీ బండి ఆయన కూతురు రాసిచ్చింది. ఏడింటి మీదా మీ ఆఫీసు ముద్ర ఉంది, ఒక్కదానికీ జవాబు లేదు. అందుకని ఎనిమిదోది నాకు కోపం వచ్చే భాషలోనే రాయిస్తున్నాను. మీ ఆఫీసులో తెలుగు చదివేవాళ్లకు కరువేం లేదు, వాళ్లలో ఇద్దరు మా బండి దగ్గర "అక్కా, పప్పుల పొడి ఇంకొంచెం" అని అడిగి తినేవాళ్లే. బెంగళూరు ఇప్పుడు ఐదు కార్పొరేషన్లయింది కదా, మీరు అందులో ఏ కార్పొరేషన్ కమిషనరో, మాది ఏ వార్డో ఇక్కడ రాయను. రాస్తే రేపు సాయంత్రానికి ఇంకో బండి లేచిపోతుందని మావాళ్ల భయం.

కార్తీక మాసంలో ఒక గురువారం, సాయంత్రం ఆరున్నర. ఆఫీసులు వదిలే వేళ. బాణలిలో నాలుగు లీటర్ల నూనె కాగుతా ఉంది, మొదటి వాయి మిరపకాయ బజ్జీలు అప్పుడే వేసినాను. మీ ఆఫీసు లారీ వచ్చి ఆగింది. ఆరుగురు దిగినారు. "సార్, నూనె కాగుతా ఉంది, దించుకోనీండి, రెండు నిమిషాలు" అన్నాను. రెండు నిమిషాలు ఇవ్వలేదు. గ్యాస్ మాత్రం వాళ్లే ఆపినారు, ఆ పుణ్యం వాళ్లదే. రెండు చెవులకూ గుడ్డలు పట్టి బాణలి ఎత్తి నూనె మోరీలో పోసినారు. మోరీలో బజ్జీలు తేలడం నేను ఎప్పుడూ చూడలేదు సార్. చుట్టూ గిరాకీ నిలబడి ఉంది, ఒకాయన అప్పటికే ఫోన్లో డబ్బులు కొట్టేసినాడు, ఆయనకు బజ్జీలు ఎట్ల ఇవ్వాలో తెలీలేదు. బండి ఎత్తినవాళ్లలో ఒక పిల్లోడు శుక్రవారం శుక్రవారం మా దగ్గరే తినేవాడు. తల వంచుకునే ఎత్తినాడు.

జాబితా అడిగితే "ఆఫీసుకు రా" అన్నారు. పట్టుకున్న సామానుకు అక్కడే జాబితా రాసివ్వాలని, పాడయ్యే సరుకు అడిగిన రోజే, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలని 2014 వీధి వ్యాపారుల చట్టంలో ఉంది. ఇది మీకు నేను చెప్పాలా? రెండు పనిదినాలకు మాకు ఇరవై మూడు రోజులు పట్టింది. ఆదివారాలు తీసేసి లెక్కపెట్టినా ఇరవైకి తగ్గడం లేదు.

ఇరవై మూడో రోజు గోడౌన్‌కు పోతే నా బండి ఇంకో మూడు బండ్ల కింద ఉంది. ఒక చక్రానికి టైరు లేదు. గొడుగు లేదు. నానబెట్టిన బొరుగుల గిన్నె అట్లనే ఉంది, దాని సంగతి రాయించను, మా అబ్బాయి ఇప్పుడే అన్నం తిన్నాడు. సిలిండర్ దొరికింది, దానికి కాగితాలు ఉన్నాయి కాబట్టి. బాణలి లేదు. జల్లి గరిటె లేదు. అడిగితే అక్కడ కూర్చున్నాయన "ఇనుము కదమ్మా, పాత సామాన్ల గుజిరీకి పోయింటుంది, అల్యూమినియంది కొనుక్కో" అన్నాడు.

కొన్నాను సార్. తొమ్మిది వందలు. మొదటి రోజు బజ్జీలన్నీ అడుగు పట్టినాయి. ఇనుప బాణలి పదునెక్కాలంటే ఏళ్లు పడుతుంది, ఆ సంగతి మీ ఇంట్లో వంట చేసేవాళ్లను అడగండి. అది మా అత్త కదిరి తేరు తిరునాళ్లలో కొన్నది. ఆమె ఊళ్లో ఇరవై ఏళ్లు బజ్జీలు వేసింది అందులో. 2009లో మేము బెంగళూరు బస్సెక్కినప్పుడు ఆమె మాకిచ్చిన ఆస్తి అదొక్కటే. దాని మీద మా కుటుంబం ఇక్కడ బాడుగ కట్టింది, పిల్లోణ్ని బీకాం చదివించింది.

సరే, బండి ఎత్తింది ఎందుకంటే నా దగ్గర వీధి వ్యాపారి కార్డు లేదంట. ఇక్కడే నాకు తల తిరుగుతుంది.

వీధి వ్యాపారులకని కేంద్రం పెట్టిన స్వనిధి పథకంలో అప్పు ఇచ్చేటప్పుడు, ఈమె వీధి వ్యాపారే, మేము ఎరుగుదుము అని సిఫారసు పత్రం ఇచ్చింది ఎవరు? మీ ఆఫీసే. మొదటి పదివేలు నెల తప్పకుండా కట్టినాను. తర్వాత ఇరవై వేలు ఇచ్చినారు. ఆ పథకాన్ని నేను తిట్టను, దండం పెడతాను. అంతకు ముందు పొద్దున తొమ్మిది వందలు చేతిలో పెట్టి రాత్రికి వెయ్యి వసూలు చేసుకునేవాడు ఉండేవాడు మాకు. వాడి మొహం చూసే పని మూడేళ్లు తప్పింది. అప్పుకు నేను వ్యాపారిని. లారీ వచ్చిన రోజు కాను. ఇరవై మూడు రోజులు బండి మీ గోడౌన్లో ఉంటే బ్యాంకు వాయిదా మాత్రం తేదీ తప్పకుండా పదమూడు వందల దాకా కోసుకుంది. ఆ వాయిదాకు డబ్బులు యాడ తెచ్చినానో తెలుసా? ఆ రోజు వడ్డీ ఆయన దగ్గరే. "ఏమక్కా, మళ్లీ వచ్చినావే" అని కుర్చీ వేసినాడు. ఈ ఊళ్లో నాకు కుర్చీ వేసిన ఒకే ఒక ఆఫీసు అది.

ఇంక కార్డు. 2024 చివర్లో సర్వే అన్నారు. ట్యాబ్ పట్టుకుని ఒక పిల్లోడు వచ్చి నన్ను బండి పక్కన నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు, ఆధార్ ఎక్కించుకున్నాడు, ఒక నెలలో కార్డు అన్నాడు. సర్వే అయి అందరికీ కార్డులు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు, లేపాల్సి వస్తే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇదీ ఆ చట్టంలోదే. నేను పోయి అడిగితే కౌంటర్లో "నాళె బన్ని", అంటే రేపు రండి అని. మళ్లీ పోతే మళ్లీ అదే. మా చిన్నప్పుడు ఊళ్లో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని బొగ్గుతో రాసేవాళ్లు, దయ్యం చదువుకుని వెనక్కి పోతుందని. ఈ ఊళ్లోనూ గోడల మీద "నాళె బా" అని రాసేవాళ్లంట. దయ్యాన్ని తిప్పి పంపే మంత్రం కౌంటర్లో మనుషుల మీద వేస్తున్నారు. నయం, దయ్యానికి బస్సు ఛార్జీ లేదు.

ఊరు ఐదు కార్పొరేషన్లయినాక కొత్త కథ. మా రోడ్డుకు ఇటు పక్క ఒక కార్పొరేషన్, అటు పక్క ఇంకొకటి అని చెబుతున్నారు. ఇక్కడికి పోతే "మీ ఫైలు అక్కడికి పోయింది", అక్కడికి పోతే "ఇంకా రాలేదు". నా పొయ్యి ఒక కార్పొరేషన్‌లో, గిరాకీ ఇంకో కార్పొరేషన్‌లో. లారీకి మాత్రం హద్దు ఎక్కడుందో బాగా తెలుసు. కార్పొరేటర్‌ను అడుగుదామంటే 2020 సెప్టెంబరుతో పాత కౌన్సిల్ గడువు తీరిపోయింది. ఆ తర్వాత ఐదేళ్లకు పైగా మా గోడు చెప్పుకోవడానికి ఓటు వేసి గెలిపించిన మనిషే లేడు. అందుకే ఇంత చిన్న బాణలి విషయం ఇంత పెద్ద మీ దాకా వచ్చింది.

మీ లెక్కలో ఊరంతా కలిపి మేము 27 వేల చిల్లర మందిమి అంట. చట్టమేమో జనాభాలో రెండున్నర శాతం దాకా చోటు చూపమంటుంది. 2011 లెక్కల ప్రకారమే ఈ ఊరి జనం 84 లక్షలు. మా అబ్బాయి ఫోన్లో కొట్టి చూపించినాడు, రెండు లక్షల పైన వస్తుంది. మిగతావాళ్లు సర్వే రోజు సెలవులో ఉన్నారేమో! మా చోట్ల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో నూటికి నలభై మంది మా వ్యాపారులే ఉండాలి, ఆ నలభైలో మూడో వంతు ఆడవాళ్లు. మా వార్డు తరఫున కూర్చునే ఆ ఆడమనిషి ఎవరో ఒక్కసారి చూపించండి, ఆమెకు ఒక ప్లేటు ఉగ్గాని ఊరికే పెడతాను.

నడిచేవాళ్లకు ఫుట్‌పాత్ ఉండాలి, కాదనను. నాకూ మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, నేనూ దాని మీదే నడుస్తాను. అందుకే మా ముప్పై ఒక్క బండ్లూ గోడకు ఆనించి, నాలుగడుగులు వదిలి పెడతాము. పెయింటుతో గీత కూడా గీసుకున్నాము. సిగ్నల్ పడితే ఆ నాలుగడుగుల్లో బైకులు పోతాయి. బైకులను ఎత్తే లారీ లేదా సార్ మీ దగ్గర?

ఆ ముప్పై ఒక్క బండ్లకూ ఒక సంఘం ఉంది. పూలు కట్టే అజ్జి కన్నడామె, అరటిపళ్ల అణ్ణ తమిళాయన, పానీపూరీ అబ్బాయి బిహార్ నుంచి వచ్చినాడు, మేము ఏడు బండ్లు కదిరి, హిందూపురం వైపువాళ్లం. రోజుకు ఇరవై రూపాయలు వేసుకుంటాము. రాత్రి పదిన్నరకు చెత్త తడిదీ పొడిదీ వేరు చేసి కట్టేది మేమే, పార్కు మూలన లైటు పోతే బల్బు కొనేది మేమే. ఆ లైటు కింద నిలబడి క్యాబ్ కోసం చూసుకునే ఆడపిల్లలను అడగండి, మేము లేని ఆ ఇరవై మూడు రోజులు ఆ మూల ఎట్ల ఉండిందో. పోయిన సంవత్సరం మీవాళ్లే మమ్మల్ని పిలిచి, స్థానిక సంఘాలతో ముఖాముఖి అని బ్యానర్ కట్టి, తలా ఒక పూల కుండీ ఇచ్చి ఫోటో తీసినారు. "చిన్న వ్యాపారులే నగరానికి వెన్నెముక" అన్నారు. ఫోటోలో నేను రెండో వరుసలో ఉన్నాను. బాణలి పోకముందు ఫోటో కాబట్టి నవ్వుతున్నాను.

ఫోన్లో డబ్బులు తీసుకోండి, నెలనెలా కొంత తిరిగి వేస్తాము అని స్వనిధి ఇచ్చినప్పుడు అన్నారు. తీసుకున్నాము. 2025 జులైలో ఆ ఫోన్ లెక్కలను బట్టే చిన్న చిన్న కొట్లకు జీఎస్టీ నోటీసులు వచ్చి, ఊరంతా "యూపీఐ లేదు, నగదు మాత్రమే" అని అట్టముక్కలు వేలాడినాయి. అది మీ శాఖ కాదు, తెలుసు. మాకు అన్ని శాఖలూ ఒకే లారీలో వచ్చినట్టు ఉంటుంది, అందుకని చెప్పినాను.

ఏం కావాలి అని అడుగుతారు. కార్డు కావాలి. కార్డు ఇచ్చేదాకా లారీ రాకూడదు. వచ్చినా జాబితా రాసివ్వాలి. మా వరుసకు ఈ చోటు అని ఒక గీత మీరే గీయండి, మేము గీసినదానికన్నా రెండడుగులు తక్కువైనా సరే. రోడ్డుకు ఏ పక్క మీదో చెప్పండి. కార్డు కావాలి, మళ్లీ చెబుతున్నాను. ఇవన్నీ ఏడు అర్జీల్లో ఉన్నాయి, ముద్రలతో సహా. తేదీలు కావాలంటే మా అబ్బాయి పంపుతాడు.

అవి ఎప్పుడైనా కానీండి. ముందు మాత్రం గోడౌన్లో ఒకసారి వెతికించండి. గుజిరీకి పోలేదనే నా నమ్మకం, ఎందుకంటే అంత బరువు మోసుకుపోయే ఓపిక అక్కడ ఎవరికీ కనపడలేదు. నల్లటి ఇనుప బాణలి, రెండు చేతులు చాచినంత కాదు గానీ ఒక మూర పైనే ఉంటుంది. ఎడమ చెవి ఒకసారి ఊడితే రాగి తీగతో బిగించినాము, ఆ తీగ ఉంటుంది. అంచున ఒకచోట గొళ్లెం ఆకారంలో చిన్న సొట్ట, మా అబ్బాయి రెండేళ్లప్పుడు రోలు మీద పడేసినాడు. దొరికితే ఫోన్ చేయించండి, నంబరు ఏడు అర్జీల మీదా ఉంది. సాయంత్రం నాలుగు లోపల అయితే నేనే వచ్చి తీసుకుపోతాను. ఆ తర్వాత శెనగపిండి కలుపుకోవాలి.

ఇట్లు,
పార్కు గోడ పక్కన మూడో బండి